మన్ను వండిన అత్త

రాజ్యలక్ష్మమ్మ ఇంట్లో తొలిచూలు నిలవదని పత్తికొండ అంగళ్ళ వీధి అంతటికీ తెలుసు. ఆ మాట చెవిన పడనట్టు తలెత్తుకుని నడవడం మాత్రం రాజ్యలక్ష్మమ్మ ఒక్కదానికే తెలుసు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆమె భర్త నాగేశ్వరయ్య జొన్నల వ్యాపారి. ఇంటి వెనక కొట్టు, కొట్టు పక్కన నేలలో తవ్విన పాతరలు, పాతరల నిండా జొన్నలు. కరువు వచ్చిన ఏడు ఆ పాతరల మూతలు తీస్తే సగం ఊరు తిన్నది. ప్లేగు వచ్చిన ఏడు ఊరంతా ఎలుకలు రాలిపడితే, ఆ ఇంట్లో ఒక్క ఎలుక చచ్చిపడలేదు. ఎందుకంటే బతికున్న ఎలుకే లేదు. ఆ ఏడు మొదట్లోనే, ప్లేగు ఊళ్ళోకి రాకముందే, రాజ్యలక్ష్మమ్మ ఆదోనికి పోయి ఒక పిల్లికూనను చంకలో పెట్టుకుని తెచ్చింది. దానికి దొరసాని అని పేరు పెట్టింది. ఇప్పుడు కొట్టు నిండా దొరసాని సంతానమే. వాటి పిల్లల కోసం ఊళ్ళో శెట్లు వచ్చి అడిగి తీసుకుపోయేవాళ్ళు.

ఇంత గొప్ప ఇంట్లో ఒక్కటే లోటు. పెద్ద కోడలు పుల్లమ్మ తొలిబిడ్డ గుమ్మడికాయంత తలతో పుట్టి, పుట్టిన పూటే కన్ను మూసింది. రెండో కోడలు తిరుపతమ్మకు ఆరో నెలలో కడుపు పోయింది. తర్వాత ఇద్దరికీ బిడ్డలు నిక్షేపంగా పుట్టారు, వాకిలంతా తొక్కుతున్నారు. పోయినవి తొలిచూళ్ళే. పాతర తవ్వినప్పుడు పామును చంపారని ఒకరన్నారు. ఎవరో శెట్టికి అన్యాయం చేస్తే ఉసురు తగిలిందని ఇంకొకరన్నారు.

ఇప్పుడు మూడో కోడలు రామేశ్వరమ్మకు నెల తప్పింది. మూడో నెల నడుస్తోంది.

ఆ బుధవారం పొద్దున ఒక గూడుబండి వచ్చి వాకిట్లో ఆగింది. రామేశ్వరమ్మ తల్లి ప్రేమమ్మ దిగింది. కాళ్ళకు నీళ్ళిచ్చేలోపలే వచ్చిన పని చెప్పేసింది.

"పిల్లను తీసుకపోతా వదినా."

"పుట్టింటికి పిల్చకపోయేది ఏడో నెలలో గదా వదినా?"

"అది నిండే కడుపులకు. మీ ఇంట్లో తొలి కడుపు నిండదని మా ఆదోనిలో గూడా చెప్పుకుంటాండారు."

చెంబు పట్టుకుని నిలబడ్డ పుల్లమ్మ తల దించుకుంది. రాజ్యలక్ష్మమ్మ మాత్రం దించలేదు. ఆ మాట గుచ్చుకున్నది గుండెలో. అక్కడ ఉన్నది ఊరి మాట ఒక్కటే కాదు. పుల్లమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి తన చేతుల్లో పెట్టిన రోజు కూడా అక్కడే ఉంది.

"వదినా, నా ఇంట్లో దొంగ ఉండాడు. దయ్యం గాదు, పాము గాదు, దొంగ. రెండుసార్లు వచ్చి రెండు ప్రాణాలు ఎత్తుకపోయినాడు. శుక్రవారం నీ బిడ్డకు మన్ను పెట్టే దినం. ఆ సాయంత్రం దాకా ఉండు. ఆలోపల దొంగను పట్టి చూపిస్తా. చూపించలేకపోతే నేనే పిల్లను బండెక్కించి వీధి చివరిదాకా నడిచొచ్చి సాగనంపుతా. అంగళ్ళలో అందరూ చూస్తారులే."

ప్రేమమ్మ ఆలోచించింది. అంత మొండి మనిషి అంత మాట అన్నదంటే ఊరికే అనదు. "సరే, శుక్రవారం పొద్దుగూకే దాకా" అంది.

మన్ను పెట్టడమంటే ఆ ఇంటి ఆచారం. వేవిళ్ళ ఆడదానికి మన్ను మీదికి మనసు పోవడం ఎక్కడైనా ఉన్నదే. అయితే ఈ ఇంటి మన్ను వేరు. పాతరను నింపాక దాని మూతికి మెత్తిన బంకమన్ను ఏడాది పాటు జొన్నల ఆవిరి పీలుస్తుంది. పాతర తెరిచేటప్పుడు ఆ మన్ను పగలగొట్టి, మెత్తగా నలిపి, కొట్టు మూలలో కుప్ప పోస్తారు. దాని మీద నీళ్ళు చిలకరిస్తే తొలకరి వాసనా, జొన్నరొట్టె వాసనా కలిసి లేస్తాయి. మూడో నెలలో ఒక శుక్రవారం అత్త ఆ మన్నును బిళ్ళలు చేసి, ఎండలో ఆరబెట్టి, పసుపు కుంకాలతో కొత్త మూకుట్లో పెట్టి కోడలికి ఇస్తుంది. అప్పటినుంచి ఎంత తింటుందో, ఎప్పుడు తింటుందో కోడలి ఇష్టం. రాజ్యలక్ష్మమ్మకు ఆమె అత్త పెట్టింది. ఆమె కోడళ్ళకు పెట్టింది. వేవిళ్ళ కోరిక కాదంటే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారుతుందని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

దొంగను వెతకడం ఆ క్షణమే మొదలైంది. బావి నీళ్ళా? అందరూ తాగుతున్నవే. వంటా? ఇంటిల్లిపాదికీ ఒకే పొయ్యి. పడకా? ముగ్గురు కోడళ్ళవీ మూడు గదులు. రాజ్యలక్ష్మమ్మ వంటిల్లు గాలించింది, దొడ్డి గాలించింది, కొట్టు గాలించింది. కొట్టు ఊడ్చే సుంకులమ్మ కాసేపు చూసి నవ్వింది.

"దొంగను పట్టేకి పోలీసోళ్ళుండారు గదమ్మా. మీరు నా చీపురు కింద చూస్తాండారేమి?"

"నోరు మూసుకోని ఊడ్చవే. నీ చీపురుకు అంత తెలివుంటే పదేండ్ల కిందటే దొరికుండు."

గురువారం చీకటి పడేదాకా ఏమీ దొరకలేదు. రాజ్యలక్ష్మమ్మ భర్త ముందుకు వచ్చి నిలబడింది.

"రేపు మొదటి బస్సుకు కర్నూలు పోదాం."

"ఎందుకు?"

"ఆ డాక్టరమ్మ దగ్గరికి."

నాగేశ్వరయ్య నమలబోతున్న ఆకు చేతిలోనే ఆగిపోయింది. "కృపమణి డాక్టరమ్మ దగ్గరికా? ఆ రోజు ఆమెను గొడుగుతో కొట్టబోతివే!"

"ఈసారి గొడుగు ఇంట్లో పెట్టి వస్తాలే."

పుల్లమ్మ తొలికాన్పు కర్నూలు ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మే చేసింది. బిడ్డ పోయాక, జబ్బు ఏదో తేల్చాలి, తల్లిదండ్రులిద్దరి రక్తం కావాలి అని అడిగింది. అది సుఖరోగాల పరీక్షని పక్కనున్న నర్సు చెప్పేసింది. మా వంశం మీద ఇంత మాటా అని రాజ్యలక్ష్మమ్మ గొడుగెత్తింది. ఆ గొడుగు సంగతి ఆసుపత్రిలో చాలాకాలం చెప్పుకున్నారట.

శుక్రవారం పొద్దున బయలుదేరుతూ పుల్లమ్మకు పని అప్పజెప్పింది. "బిళ్ళలు చేసి ఆరబెట్టు. నేను వచ్చేదాకా ఆగండి. ఆలస్యమైతే, పొద్దు తిరిగినాక నువ్వే పెట్టు. శుక్రవారం తప్పకూడదు."

కృపమణి ఆమెను చూడగానే గుర్తుపట్టింది. ముందు చూపు గొడుగు కోసం వెతికింది.

"తేలేదు తల్లీ. ఆ రోజు మీరడిగింది ధర్మమే. నేను మొండితనం చేసినా. ఇప్పుడు చెప్పండి, మా ఇంట్లో తొలిబిడ్డలను ఎత్తుకపోతాండేది ఏంది?"

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టింది. ఇద్దరు కోడళ్ళ సంగతీ మొదటినుంచీ చెప్పించుకుంది. ఆ తర్వాత అడిగింది. "పుల్లమ్మకు కడుపుతో ఉన్నప్పుడు జ్వరమేమైనా వచ్చిందా? మెడ దగ్గర బిళ్ళలు కట్టాయా?"

రాజ్యలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. "కట్టినాయి. నేనే సున్నమూ పసుపూ రాసినా. తిరుపతమ్మకూ రాసినా. నాలుగు దినాలకే తగ్గిపోయె. జలుబు చేసిందనుకుంటిమి."

"ఇది నా అనుమానం మాత్రమే, గుర్తుంచుకోండి. దీనికి పరీక్ష ఈ ఊళ్ళో లేదు. మద్రాసు నుంచి వచ్చే వైద్య పత్రికల్లో చదివాను. కంటికి కనపడని జీవి ఒకటుంది, టాక్సోప్లాస్మా అంటారు. జంతువుల్లో, పక్షుల్లో ఉంటుంది. మనుషులకూ అంటుతుంది. మామూలు వాళ్ళను ఏమీ చేయదు, ఒళ్ళు కాస్త వెచ్చబడి పోతుంది. కానీ కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి అంటిందంటే లోపలి బిడ్డను పట్టుకుంటుంది. బిడ్డ తలలో నీరు చేరుతుంది, చూపు పోతుంది, ఒక్కోసారి కడుపే పోతుంది."

"మరి రెండో కాన్పులకు ఏమీ కాలేదే?"

"అమ్మవారు ఒకసారి పోసి పోతే మళ్ళీ పోస్తుందా? ఇదీ అంతే."

రాజ్యలక్ష్మమ్మ లోపల తాళం తిరిగింది. తొలిచూళ్ళే ఎందుకు పోయాయో ఇన్నేళ్ళకు అర్థమైంది. శాపానికి లెక్క తెలియదు. జబ్బుకు తెలుసు.

"లోపలికి ఎట్లా వస్తాది తల్లీ అది?"

"అదే ఎవరికీ సరిగా తెలియదు. పచ్చిమాంసం తింటే వస్తుందని కొందరంటున్నారు."

"రామ రామ! మా ఇంట్లో కోడిగుడ్డు గూడా గడప దాటదు."

"అందుకే నాకూ అంతుపట్టడం లేదు. ఒక్కటి చెప్పగలను. వండినదాంట్లో, బాగా కాల్చినదాంట్లో అట్లాంటివి బతకవు. మీ ఇంట్లో వండకుండా నోట్లోకి పోయేది ఏముందో చూసుకోండి."

తిరుగు బస్సులో రాజ్యలక్ష్మమ్మ కిటికీ పక్కన కూర్చుని వండకుండా తినేవాటిని ఒక్కొక్కదాన్నీ మనసులో పిలిచి నిలబెట్టింది. దోసకాయ, చెనిక్కాయలు, మజ్జిగ. అన్నీ అందరూ తినేవే. పచ్చిది అందరూ తింటారు. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రమే తినేది ఏంది?

మన్ను.

వెంటనే కొట్టిపారేసింది. "నేను తినలేదా? దోసిళ్ళకు దోసిళ్ళు తింటి. నలుగురిని కంటి. నలుగురూ గుండ్రాళ్ళు. మా అత్త గూడా తినె."

"ఎవరితో మాట్లాడతాండావే?" అన్నాడు నాగేశ్వరయ్య.

"నీతో కాదులే."

"నాతో కాకపోతే మేలే. ఇంటికి పొయ్యేసరికి దొరసాని ఈనింటాది చూడు. నిన్నటినించీ ఆ పాతర మన్ను కుప్పను గీరి గుంట చేసుకుంటాంది. మెత్తగుంటాది గదా, ఆ పిల్లులన్నిటికీ అదే పరుపు."

రాజ్యలక్ష్మమ్మ నెమ్మదిగా అతని వైపు తిరిగింది.

"పరుపు ఒకటేనా? అవి దొడ్డికి యాడ పోతాయయ్యా?"

"యాడికి పోతాయి? కొట్టుకు బయట తాళం. మెత్తని మన్ను కనపడితే పిల్లి గోకి, పని చూసుకోని, మళ్ళా కప్పెట్టి..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తాను తిన్న మన్నూ ఆ కుప్పదే. అయితే తాను తిన్నప్పుడు ఆ ఇంట్లో పిల్లి లేదు. దొరసాని ప్లేగు ఏడు వచ్చింది. పుల్లమ్మ ఆ మరుసటేడు కాపురానికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే బస్సు దగ్గింది. దేవనకొండ దాటగానే ముందునుంచి ఆవిరి చిమ్మింది. డ్రైవరు దిగి మూత తెరిచి, తల గోక్కున్నాడు. "నీళ్ళు తేవల్ల. సల్లబడల్ల. తొందరేం లేదు, దిగి కూచోండప్పా."

పొద్దు నడినెత్తి నుంచి జారుతోంది. పొద్దు తిరిగినాక నువ్వే పెట్టు అని చెప్పి వచ్చింది తానే.

వెనకనుంచి చెనిక్కాయ మూటల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ చాపి నిలబడింది. లారీ కీచుమంటూ ఆగింది.

"చావదల్చుకున్నావా పెద్దమ్మా?"

"చావు ఆపేకి పోతాండా. పత్తికొండ దాకా ఎక్కించుకో నాయనా."

"ముందర జాగా లేదే. మూటల మీద..."

అతని మాట పూర్తికాకముందే పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది. జీవితంలో గుర్రబ్బండి కూడా ఒకరి చేయి పట్టుకుని ఎక్కిన మనిషి. నాగేశ్వరయ్య కిందనుంచి నోరు తెరుచుకుని చూస్తుంటే, "నువ్వు బస్సులో రాప్పా, నిదానంగా" అని మూటల మీద చతికిలబడింది. అంగళ్ళ వీధిలోకి ఆ లారీ వచ్చినప్పుడు జనం కళ్ళు నులుముకున్నారు. నాగేశ్వరయ్య శెట్టి భార్య, జుట్టు నిండా దుమ్ముతో, మూటల మీద రాణిలాగా కూర్చుని వస్తోంది.

నడవలో పీట మీద రామేశ్వరమ్మ కూర్చుని ఉంది. నుదుట కుంకుమ, ఒళ్ళో మూకుడు. చుట్టూ వీధి ఆడవాళ్ళు. పుల్లమ్మ హారతి దించింది. రామేశ్వరమ్మ కళ్ళు సగం మూసి, వాసన పీల్చి, మన్నుబిళ్ళను పెదవుల దాకా తెచ్చింది.

చేతి మీద దెబ్బ పడింది. బిళ్ళ ఎగిరి గోడకు కొట్టుకుని పొడి అయింది.

రామేశ్వరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రేమమ్మ ఒక్క ఉదుటున లేచింది.

"వేవిళ్ళ పిల్ల నోటికాడిది కొడతావా? పగవాళ్ళు గూడా చెయ్యరే ఈ పని! లే బిడ్డా, బండెక్కు. ఇంక ఈ ఇంట్లో ఒక్క గడియ వద్దు."

"తిన్నావామ్మే?" రాజ్యలక్ష్మమ్మ కోడలి గడ్డం పట్టుకుంది. "ఇంతకుముందు ఎప్పుడన్నా ఆ కుప్పలోది తిన్నావా? నిజం చెప్పు."

"లేదత్తమ్మా. మీరు పెట్టనిదే ఎట్లా తింటా?"

రాజ్యలక్ష్మమ్మ అక్కడే గోడకు ఆనుకుంది. ఊపిరి కుదురుకున్నాక వీధి ఆడవాళ్ళ వైపు చూసింది. ముహూర్తం మంచిది కాదని చెప్పవచ్చు. కలలో అమ్మవారు వద్దన్నదని చెప్పవచ్చు. అందరూ నమ్ముతారు, ఇంటి పేరు నిలుస్తుంది. కానీ ఈ ఆడవాళ్ళలో కోడళ్ళున్నవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళలో దొరసాని పిల్లలున్నాయి.

"వదినా, దొంగను పట్టిస్తానంటి గదా. పట్టినా. అందరూ వినండి."

చెప్పింది. డాక్టరమ్మ మాటా చెప్పింది, అది అనుమానమేనన్న మాటా దాచకుండా చెప్పింది. పిల్లి సంగతి చెప్పింది, మన్ను సంగతి చెప్పింది. గొంతు ఎక్కడా తగ్గించలేదు. చివరికి పుల్లమ్మ వైపు తిరిగింది.

"నీకు ఆ మన్ను పెట్టింది ఈ చెయ్యే పుల్లమ్మా."

అందరి చూపులూ పుల్లమ్మ మీదే. రాజ్యలక్ష్మమ్మ కళ్ళు తిప్పుకోలేదు, ఏ మాటకైనా సిద్ధంగా నిలబడింది. పుల్లమ్మ వంగి, రామేశ్వరమ్మ ఒళ్ళోని మూకుడు తీసుకుంది. దాన్నే చూస్తూ అడిగింది.

"డాక్టరమ్మ కాల్చినదాంట్లో బతకదన్నది కదా అత్తమ్మా?"

"అన్నది."

"కోరిక తీర్చకపోతే పాపం. తీరిస్తే ప్రమాదం. అయితే కాల్చే పెడదాం. పొయ్యి ముట్టించనా?"

రాజ్యలక్ష్మమ్మ చెంగు నడుముకు చుట్టింది. "ముట్టించు. పాత కుప్ప వద్దు. కుమ్మరింటి నించి కొత్త బంకమన్ను తెప్పించు."

ఆ సాయంత్రం శెట్టి ఇంట్లో మన్ను వండారు. కొత్త బంకమన్నుతో బిళ్ళలు చేసి, జొన్నపిండి అద్ది, కుండలో పేర్చి, మూత పెట్టి, ఎర్రగా కాలేదాకా మంట పెట్టారు. అసలు తినకపోతే మరీ మేలని రాజ్యలక్ష్మమ్మ కోడలికి చెప్పింది. తినక తప్పదంటే ఇదేనంది. చల్లారాక రామేశ్వరమ్మ ఒక బిళ్ళ కొరికింది. కరకరమంది.

"ఎట్లుండాది?" అంది ప్రేమమ్మ.

"పాతర వాసన లేదు. కానీ బాగుండాది. ఇంగొకటియ్యి."

ప్రేమమ్మ బండివాడిని పిలిచి ఎద్దులను విప్పమంది. "ఏడో నెలలో వస్తా వదినా, ఆచారం ప్రకారం" అంది.

పిల్లిని చంపితే పాపం. తరిమితే ఎలుకలు, ఎలుకలతో ప్లేగు. అందుకే దొరసాని ఎక్కడికీ పోలేదు. పాత కుప్ప మాత్రం ఊరి బయట గోతిలో పూడ్చేశారు. పిల్లుల కోసం కొట్టు వెనక ఇసుక పోయించారు. ఆ ఇసుక ఎత్తే పని సుంకులమ్మది. కడుపుతో ఉన్నది కొట్టు గడప తొక్కకూడదు. దొడ్లో కొత్తిమీర కోస్తే రెండు నీళ్ళలో కడగాలి. మన్ను ముట్టుకున్న చేయి కడగకుండా కంచం ముట్టుకోకూడదు. ఇవి రాజ్యలక్ష్మమ్మ చట్టాలు. అంగళ్ళ వీధి కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె నడిచిపోతుంటే "మన్ను వండిన అత్త పోతాంది చూడండప్పా" అనేవాళ్ళు.

ఆమె నవ్వలేదు, బదులు చెప్పలేదు. నెలలు లెక్కపెట్టుకుంటూ కోడలి మెడ తడిమి చూసేది. బిళ్ళలు కట్టలేదు. అయినా నిద్ర పట్టేది కాదు. నిజం తేల్చే పరీక్ష ఒక్కటే ఉంది. దానికి బిడ్డ పుట్టాలి.

ఆదోని నుంచి కబురు రాగానే ఆమె ఒక్కతే బయలుదేరింది. మంచం దగ్గరికి పోయి, ఎవరినీ పలకరించకుండా, బిడ్డను ఎత్తుకుంది. ఆడపిల్ల. తల చుట్టూ అరచెయ్యి ఆనించి చూసింది. చేతిలో ఇమిడిపోయింది. కొబ్బరికాయంత, చక్కటి తల. ఇంక కళ్ళు. వాటికి వ్యవధి కావాలని తెలిసి, మూడో నెల నిండేదాకా ఓపిక పట్టింది. కోడలు పత్తికొండకు తిరిగి వచ్చిన రోజు పగలు, వాకిట్లో వెలుతురులో, చేతి గాజులు తీసి బిడ్డ ముఖం ముందు నెమ్మదిగా ఊపింది. నల్లటి కనుపాపలు గాజుల వెంట కుడికి తిరిగాయి. ఎడమకు తిరిగాయి. గాజులు ఆగితే, ఏమైందన్నట్టు ఆమె ముఖాన్నే చూసి బిడ్డ కిలకిలలాడింది.

రాజ్యలక్ష్మమ్మ బిడ్డను ముందు పుల్లమ్మ చేతుల్లో పెట్టింది. ఆ తర్వాతే వీధి తలుపులు రెండూ బార్లా తీయించింది. అంగళ్ళ వీధి చూడాలి గదా!

వచ్చినవాళ్ళంతా పోయాక వాకిట్లో సుంకులమ్మ నిలబడి ఉంది. వెనక ఆమె కోడలు, కొత్తగా కడుపుతో, చెంగులో ఏదో దాచుకుని.

"ఏందే?"

"మాది పూరిగుడిసమ్మా, మీ అంత పొయ్యి లేదు." సుంకులమ్మ కోడలి చెంగు విప్పింది. బంకమన్ను ముద్ద. "మీరు వండే కాడ దీన్ని గూడా ఒక మూల పెడతారేమో అని..."

"చీపురు కింద చూస్తాండానని నవ్వితివి గదే ఆ రోజు?"

"నవ్వింది నోరు గదమ్మా. అడిగేది కడుపు."

వీధి మలుపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెంగులు ముడివేసుకుని వస్తున్నారు. వాళ్ళలో ఒకామె నిరుడు ఈ ఇంటికి ఉసురు తగిలిందన్న ఆమే, ఒక శెట్టి భార్య. రాజ్యలక్ష్మమ్మ ఆమెను గుర్తుపట్టింది. గుర్తుపట్టినట్టు ఆమెకు తెలిసేదాకా చూసింది. అప్పుడు లోపలికి తిరిగి కేకేసింది.

"పుల్లమ్మా! పెద్ద కుండ దించు."